బొడ్డమ్మ పాతిన పుల్ల

పక్షుల గురించి నాకు తెలిసినంత ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదని గట్టిగా నమ్మేదాన్ని. టెక్కలిలో జువాలజీ చెబుతాను. వేసవి సెలవుల్లో ప్రతి ఆదివారం ఓ పదిమందిని వెంటేసుకుని పిట్టలు చూడ్డానికి బయల్దేరతాను. నా వెనక నడిచేవాళ్ళు గట్టిగా మాట్లాడకూడదు, మెరిసే బట్టలు వేసుకోకూడదు, పిట్ట పేరు నాకంటే ముందు చెప్పకూడదు. ఈ మూడోది నేనెప్పుడూ పైకి అనలేదు గానీ అందరికీ అర్థమైపోయింది.

ఆ ఆదివారం నందిగాం దాటి లోపలికి వెళ్ళాం. రెండు రోజుల కిందటే వాన పడింది. బీడంతా ఎండుగడ్డి, దాని మొదట్లో అక్కడక్కడా కాస్త పచ్చదనం. మాలో ముగ్గురు నా విద్యార్థులు, మిగతావాళ్ళలో ఎక్కువమంది ఉద్యోగస్తులు. అందరిలోకీ పెద్దాయన ఢిల్లీశ్వరరావు గారు. రైల్వేలో చేసి రిటైరై హరిశ్చంద్రపురంలో ఉంటున్నారు. ఆయనకి బైనాక్యులర్స్ లేవు. కళ్ళకి అరచెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తారు. అయినా ఏ పిట్టయినా ముందు ఆయనకే కనబడుతుంది. అది నాకు నచ్చేది కాదు.

బీడు దాటి నువ్వులు కోసేసిన చేలోకి దిగామో లేదో, తీతువు ఒకటి మా నెత్తి మీద తిరుగుతూ అరవడం మొదలెట్టింది. గుడ్లు దగ్గర్లోనే ఉంటాయని నేను చెప్పేలోగా ఆయన చూసేశారు. వట్టి నేల మీద, గులకరాళ్ళలో కలిసిపోయి, మట్టిరంగు గుడ్లు నాలుగు. పక్కనే ఒక జీడిమామిడి పుల్ల పాతి ఉంది. దానికి ఎర్రటి చీర పేలిక కట్టి ఉంది.

ఫోటో కోసం నేల మీద బోర్లా పడుకున్నాను. ఎటు జరిగినా ఆ పేలిక అడ్డమే. విసుగొచ్చి పుల్ల పీకేశాను. అది రైతు పెట్టుకున్న ఆనవాలేమో, ఫోటో అయ్యాక మళ్ళీ పాతేద్దామా అని ఢిల్లీశ్వరరావు గారు మెల్లిగా అడిగారు. పేలిక ఊగితే గుడ్లు ఇక్కడున్నాయని కాకులకి చెప్పినట్టేననీ, పిట్టలకి మన జెండాలు అక్కర్లేదనీ ఆయనకి ఐదు నిమిషాలు క్లాసు పీకాను. పిల్లలు దాన్ని నోట్‌బుక్కుల్లో రాసుకున్నారు. పుల్లని గట్టవతల పడేసి ముందుకి నడిచాను. ఆయన ఒకసారి వెనక్కి చూసి మా వెంట వచ్చేశారు.

రెండు గంటల తర్వాత అదే దారిన తిరిగొచ్చాం. ఎండ చురుక్కుమంటోంది. చేలో ట్రాక్టరు ఆగి ఉంది. చేనంతా దున్నేసి ఉంది. తీతువులు రెండూ చాళ్ళ మీద అరుస్తూ తిరుగుతున్నాయి. ఒకావిడ చాలులో గొంతుక్కూర్చుని మట్టిపెళ్ళలు ఒక్కొక్కటే తిరగేస్తోంది.

ఆమె పేరు బొడ్డమ్మ. చేను ఆమెదే. ట్రాక్టరు తోలినవాడు ఆమె మేనల్లుడు యువరాజు. వేసవి దుక్కుల్లో గుడ్లు ఎవరి కంట ముందు పడితే వాళ్ళు పేలిక కట్టిన పుల్ల పాతాలట. ట్రాక్టరు దాని చుట్టూ చాపంత నేల వదిలేసి దున్నుతుందట. గుడ్లు పగిలి పిట్టపిల్లలు పరుగులు పెట్టేదాకా అక్కడ ఎవరూ అడుగుపెట్టరట. చెంగులో ఏరుకున్న పెంకులు మాకు చూపిస్తూ ఆమే చెప్పింది. తర్వాత మేనల్లుడి వైపు తిరిగింది.

"పుల్ల అవుపడ్నేదేట్రా నీకు?"

"పుల్ల నేదత్తా. ఒట్టు."

"నిన్న సందేల నా సేత్తో పాతినాను. ఫోన్లో మాటాడుకుంటా తోలేసినావు. ఇకమీద నా సేలో దిగకు."

ముప్ఫయ్యేళ్ళ మనిషి, పెళ్ళాం పిల్లలున్నవాడు, మా పదిమంది ముందూ తలదించుకుని నిలబడ్డాడు. నేనే పీకాను అంటే సరిపోతుంది, అంతకంటే ఏమీ అక్కర్లేదు. వెనక నా విద్యార్థులు ముగ్గురూ ఉన్నారు. నేను కెమెరా బెల్టు సరిచేసుకున్నాను.

ఢిల్లీశ్వరరావు గారు చెప్పులు విప్పి చాల్లోకి దిగారు. "ఆడినేటీ అనకమ్మా. పుల్ల నానే పీకినాను. ఫోటోకి అడ్డమొచ్చిందని."

అప్పుడు నాకు ముందు కలిగింది హాయి. దాచుకోవడం దేనికి, ప్రాణం లేచొచ్చింది.

బొడ్డమ్మ ఆయన్ని నెత్తిన తెల్లజుట్టు నుంచి మట్టిలో కాళ్ళ దాకా చూసింది. "ఇంత వయసొచ్చినాది. గుడ్లకాడ పుల్లెందుకుంటాదో తెల్దా బాబూ?"

"తెలుసమ్మా" అన్నారాయన. "తెలిసే తప్పు సేసినాను."

ఆ తెలుసన్న మాటకి ఇక నిలవలేకపోయాను. "ఆయన కాదు, నేను పీకాను" అనేశాను.

బొడ్డమ్మ నన్ను చూసింది. తర్వాత ఆయన్ని చూసింది. ఆమె మొహం మెత్తబడింది. యువరాజుని చెయ్యిపట్టి దగ్గరికి లాక్కుంది.

"సూసినావా, పెద్దాయన్ని మాట పడనివ్వకుండా మేడంగారు తన మీదేసుకుంటన్నారు. సదువుకున్నోలంటే అలగుండాల."

అది కాదమ్మా అన్నాను. నాకు తెలుసు తల్లీ, నువ్వూరుకో అంది. నా విద్యార్థులు నోట్‌బుక్కులు సంచుల్లో పెట్టేసుకున్నారు. ఢిల్లీశ్వరరావు గారు నా మొహంలోకే చూస్తూ నిలబడ్డారు. ఇంకొక్కసారి గట్టిగా చెబితే ఆమె నమ్మేదే. నేను చెప్పలేదు.

ఎండనపడి వచ్చినోలు అంటూ ఆమె గట్టు మీద సీసా తీసి, నీళ్ళు ముందు నాకే ఇచ్చింది. తాగాను.