ఇంట్లోనే ఉండిపోయిన గొంతు

ల్యాప్‌టాప్ తెర మీద ఒకటే ముక్క: అలాంటి ఫైలు లేదు. ఇంజనీరమ్మ మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే. మూడోసారీ అదే.

ఇంజనీరమ్మ అన్నది నాన్న పెట్టిన పేరు. కాలేజీలో చేరిన రోజు వెక్కిరింపుగా పెట్టాడు, అదే ఖాయమైపోయింది. ఆ నాన్న ఇప్పుడు ఆస్పత్రి గదిలో ఆమె పక్కనే మంచం మీద ఉన్నాడు. నలభై ఏళ్ళు లేత్ మిషను మీద ఇనుము చెక్కిన మనిషి. రెండేళ్ళుగా నరాల జబ్బు ఒంట్లోని కండలను ఒక్కొక్కటిగా మూలన పడేసింది. కాళ్ళు పోయాయి, చేతులు పోయాయి, మాట పోయింది. కనురెప్పలు కూడా చెప్పినట్టు వినడం మానేశాయి. మిగిలిందల్లా కుడి బొటనవేలి మొదట్లో ఒక చిన్న కండ. అదీ పైకి కనపడదు, చర్మం కింద కాస్త ఎగురుతుంది, అంతే.

ఆ ఎగురుడును మాటలుగా మార్చే ప్రోగ్రామును ఇంజనీరమ్మ ఇంట్లోని పెద్ద కంప్యూటరు మీద కూర్చుని రాసింది. కండ మీద ఒక సెన్సరు అంటిస్తే తెర మీద అక్షరాల వెంట వెలుగు జరుగుతూ పోతుంది. కావలసిన అక్షరం దగ్గర నాన్న కండ కదిపితే అది పడుతుంది. నాన్న దాంతో రాసిన మొదటి వాక్యం, "ఆ టీవీ కట్టేయండి, చస్తున్నాను." ఇంటిల్లిపాదీ నవ్వారు, తర్వాత ఏడ్చారు.

వారం రోజులుగా ఊపిరి అందడం లేదు. గొంతుకు రంధ్రం పెట్టి గొట్టం వేస్తే మిషను సాయంతో బతుకుతాడు, ఎన్నేళ్ళైనా మంచం మీదే. వెయ్యకపోతే నెలో, రెండు నెలలో. "ఆలోచించుకుంటా. నా జవాబు డాక్టరుకే చెప్తా. నా బదులు ఎవరూ చెప్పొద్దు" అని నిన్న ఆస్పత్రికి తెచ్చేముందు నాన్న రాశాడు. "ఎవరినీ చెప్పనివ్వను నాన్నా" అని ఇంజనీరమ్మ మాటిచ్చింది. ఇప్పుడు తొమ్మిదిన్నర. పదింటికి డాక్టరు వస్తాడు. రోగి చెప్పలేని స్థితిలో ఉంటే కొడుకు సంతకం చాలునట. అన్నయ్య పొద్దున్నే గొట్టానికి ఒప్పుకుంటున్నట్టు కాగితం తెచ్చుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"ఏమైందే?" అన్నాడు.

"ఏం లేదు, ఒక్క నిమిషం" అంటూనే, తాను నడపబోయిన ప్రోగ్రాము ఫైలునే తెరిచి చూసింది. పైప్రాణాలు పైనే పోయాయి.

ఆమె ఆ ప్రోగ్రామును ఒక్కనాడూ ఇన్‌స్టాల్ చేసిన పాపాన పోలేదు. రోజూ ఏదో ఒకటి మారుస్తూ, తయారైన చోటు నుంచే, ఆ బిల్డ్ ఫోల్డరులోంచే నడిపిస్తూ వచ్చింది. అక్కడ ప్రోగ్రాము పేరుతో కనపడేది ప్రోగ్రాము కాదు. అది ర్యాపర్ అనే చిన్న స్క్రిప్టు. అసలు ప్రోగ్రాము ఫలానా చోట ఉంది, దాని సామాను ఇంకో ఫలానా చోట ఉంది అని దారి చూపించి తప్పుకోవడమే దాని పని. అసలుది పక్కనే, పేరు ముందు చుక్క పెట్టి దాచిన ఫోల్డరులో ఉంటుంది. నిన్న ఆస్పత్రి కోసమని ఇంజనీరమ్మ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించింది ఆ దారి చూపించేదాన్ని మాత్రమే.

తెలియదా అంటే, పదేళ్ళుగా తెలుసు. కానీ ఆరు నెలలుగా ఆ పేరు కొడితే చాలు, నాన్న మాట్లాడుతున్నాడు. ఇంకేం గుర్తుంటుంది? పైగా నిన్న రాత్రి ఇంట్లో పరీక్షించి మరీ చూసింది. ఇంటి నెట్‌వర్కులో ల్యాప్‌టాప్‌కు పెద్ద కంప్యూటరులోని ఫోల్డర్లన్నీ అందుతాయి. స్క్రిప్టు ఆ దారినే వెళ్ళి అసలుదాన్ని పట్టుకుంది, లక్షణంగా పనిచేసింది. ఆస్పత్రిలో ఆ దారి ఎక్కడుంది?

నాన్న చెక్కిన ప్రతి ముక్కనూ మోసుకుని కొన్నవాడి దగ్గరకు వెళ్ళేవాడు, వాడి మిషనుకు బిగించి చూసేవాడు. "నా బల్ల మీద సరిపోయిందని వదిలేస్తే ఎలాగమ్మా? వాడి దగ్గర సరిపోవాలి" అనేవాడు. చిన్నప్పుడు ఆ ముక్కల సంచీ మోసింది ఇంజనీరమ్మే. ఇప్పుడు తన చెంప తానే వాయించుకోవాలనిపించింది.

ఇంటికి ఫోన్ చేసింది. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది, మోకాళ్ళ నొప్పులతో కదల్లేక.

"అమ్మా, పెద్ద కంప్యూటర్ ఆన్ చెయ్యి. నేను చెప్పిన ఫైలు పంపించాలి."

"నేనా? దానిమీద దుమ్ము తుడవడమే వచ్చు నాకు."

"చెప్తాగా. ఆ ఫోల్డరు తెరువు. అందులో ఇంకో ఫోల్డరు ఉంటుంది, పేరు ముందు చుక్క ఉంటుంది. అది కనిపించదు."

"కనిపించనిదాన్ని ఎలా తెరవనే?"

"కనిపించేలా చెయ్యొచ్చమ్మా, రెండు మీటలు కలిపి..." అమ్మ ఏ మీట నొక్కిందో, తెరిచిన ఫోల్డరు కూడా మూసుకుపోయింది. మళ్ళీ మొదటి నుంచి. "అయ్యో, ఇది ఏదో అడుగుతోందే, అవునా కాదా అంటోంది" అని అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. గోడ గడియారం పదికి ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. తలుపు తోసుకుని డాక్టరు వచ్చాడు.

"మీ మిషను రెడీయా అమ్మా?"

ఇంజనీరమ్మ ల్యాప్‌టాప్ పక్కకు నెట్టింది. "పనిచెయ్యట్లేదండీ. సాయంత్రం దాకా ఆగండి, నేను ఇంటికెళ్ళి తెస్తాను."

"ఆయన ఊపిరి సాయంత్రం దాకా ఆగేలా లేదమ్మా. ఇప్పుడే తేల్చాలి." డాక్టరు వంగి నాన్న చెయ్యి పట్టుకున్నాడు. "పెద్దాయనా, గొట్టం వెయ్యమంటారా? వెయ్యమంటే వేలు కదపండి... నాకేం తెలియట్లేదు."

"నేను పెడతానండీ సంతకం" అని అన్నయ్య ముందుకొచ్చాడు.

"ఆగన్నయ్యా!" అని అరిచింది. సెన్సరు పీకి పారేసి నాన్న బొటనవేలి మొదట్లో తన వేలు ఆనించింది. ఆరు నెలలుగా రోజూ సెన్సరు అంటించిన చోటు, కళ్ళు మూసుకున్నా తప్పిపోదు. కండ చల్లగా, మెత్తగా ఉంది.

"నాన్నా, నేను. గొట్టం వెయ్యమంటావా? వెయ్యమంటే కదుపు."

కదల్లేదు. పదిదాకా లెక్కపెట్టింది. ఇరవైదాకా లెక్కపెట్టింది.

"వద్దా నాన్నా?"

వేలి కింద చిన్నగా ఎగిరింది. ఆమె నమ్మలేదు. వెయ్యమంటావా అని మళ్ళీ అడిగింది. ఏమీ లేదు. వద్దా అంటే ఎగిరింది, ఈసారి కాస్త గట్టిగా.

"ఏమన్నారు?" అన్నాడు డాక్టరు.

"సరేనన్నారు కదూ?" అన్నాడు అన్నయ్య. వాడి కళ్ళు ఆమెను బతిమాలుతున్నాయి.

తెర పనిచేస్తూ ఉంటే అందరూ చదివేవారు. ఇప్పుడు నాన్న మాట తెలిసింది ఈ గదిలో ఆమె వేలికి ఒక్కదానికే. సరేనన్నాడు అంటే చాలు, నాన్న ఉంటాడు. తనకు కావలసిందీ అదే. వారం రోజులుగా దేవుళ్ళందరికీ మొక్కింది ఆ ఒక్క మాట కోసమే. ఎవరూ తప్పు పట్టరు, పట్టడానికి ఎవరికి తెలుస్తుంది? నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడు పక్కనే ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉన్న ఆ వెధవ స్క్రిప్టు కనిపించింది. దానికి సొంత మాట ఒక్కటీ లేదు, చెప్పింది చెప్పినట్టు అవతలికి చేరవేస్తుంది, అంతే.

"వద్దంటున్నారు" అంది.

"అబద్ధం!" అన్నయ్య మంచం ఇవతలికి దూకినంత పని చేశాడు. "వేలు కదిలింది లేదు, నేను చూస్తూనే ఉన్నా. నాన్నను చంపేస్తావా నీ ఊహలతో?"

ఆమెకు కోపం రాలేదు. వాడిది భయం, తనదీ అదే. అన్నయ్య చెయ్యి అందుకుని చూపుడు వేలును ఆ చోట పెట్టింది, కొంచెం ఎడమకు జరిపింది. "గట్టిగా నొక్కకు. ఊరికే ఆనించు. నువ్వే అడుగు."

అన్నయ్య నాన్న ముఖం కేసి చూశాడు. "నాన్నా... గొట్టం వేయిద్దాం నాన్నా. వేయిద్దామా?"

వాడి వేలి కింద ఏమీ కదల్లేదు. ఫోన్‌లో అమ్మ ఇంకా లైనులోనే ఉంది, "ఏమైందే, ఏమైందే" అంటోంది.

"వద్దా?" అన్నాడు అన్నయ్య. ఆ మాట అనగానే వాడి ముఖం మారిపోయింది. చేతిలో కాగితం కింద పడింది, తీసుకోలేదు. వేలు మాత్రం అక్కడి నుంచి తీయలేదు.

వంగి, నాన్న చెవి దగ్గర, "మరి ఇంటికి వెళ్ళిపోదామా నాన్నా?" అని అడిగాడు.

అడిగి, చెల్లెలి వైపు తలెత్తాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"కదులుతోందే" అన్నాడు. "ఆగకుండా కదులుతోంది."