గుసగుస మాస్టారి ఊపిరి పాఠం

ఆ నాటక సమాజంలో గుసగుస మాస్టారు లేకపోతే రాజుగారికి నోరు లేదు. స్టేజీ పక్కన తెర చాటున స్టూలు మీద కూర్చుని, నటులు మరిచిపోయిన మాటలు వాళ్ళ చెవిన మాత్రమే పడేలా అందించడం ఆయన పని. ఆ పనిలోనే జుట్టు నెరిసింది. ఆ తెర చాటు దుమ్ములోనే సిగరెట్టు మీద సిగరెట్టు కాల్చాడు. చివరికి ఊపిరితిత్తులు మొరాయించాయి. నాలుగు మెట్లెక్కితే చాలు, ఛాతీలో పిల్లికూతలు.

"ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు పెద్దాయనా, కానీ అదుపులో పెట్టుకోవచ్చు," అంది డాక్టరమ్మ. "సిగరెట్టు మానెయ్యాలి. ఈ పీల్చే మందు రోజూ వాడాలి. దాంతోపాటు నడక, తిండి, నిద్ర, ఊపిరి తీసే పద్ధతి కూడా మారాలి. ఒక్క ఛాతీని కాదు, మనిషి మొత్తాన్ని బాగుచేసుకోవాలి."

మాస్టారు తలూపి ఊరుకున్నాడు. ఆయన భార్య ఊరుకోలేదు. ఆవిడ ఆ సమాజానికే దుస్తులు కుడుతుంది. గుడ్డయినా మొగుడైనా ఒకసారి చేతిలో పడ్డాక ఆవిడ చెప్పినట్టు వినాల్సిందే. "మనిషి మొత్తం" అన్న మాట ఆవిడకి తెగ నచ్చేసింది.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో మనిషి మొత్తం బాగుపడడం మొదలైంది. తెల్లారితే నడక, ఆయన ముందు, ఆవిడ వెనక. కడుపు నిండా ఒకేసారి తినకూడదని, పిచ్చుకకి వేసినట్టు కొంచెం కొంచెం వడ్డన. పడుకున్నప్పుడు తల ఎత్తుగా ఉండాలని నాటకాల సింహాసనం మీది దిండ్లు మంచమెక్కాయి.

"నవ్వితే ఛాతీ విచ్చుకుంటుందట. నవ్వండి!" అని ఆవిడ సూది పట్టుకుని ఎదురుగా నిలబడేది.

"ఆ సూది పక్కన పెడితే నవ్వొస్తుందేమో చూద్దాం," అనేవాడాయన.

ఒకరోజు ఉత్సాహం మరీ ఎక్కువై, పక్కింటావిడ చెప్పిన ఆకుల రసం గ్లాసులో పోసి, పీల్చే మందు గుండీల డబ్బాలో దాచేసింది. సంగతి తెలిసి డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. "ఇవన్నీ మందుకి తోడమ్మా, మందుకి బదులు కాదు!" ఆవిడ నాలిక్కరుచుకుని, డబ్బా తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

అన్నిటికన్నా బాగా పట్టుబడింది ఊపిరి పాఠం. ముక్కుతో మెల్లగా పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి, వేడి టీ ఊదినట్టు నిదానంగా వదలాలి. ఆయనకి ఎప్పుడు ఆయాసం వచ్చినా ఆవిడ పక్కన చేరి పాఠం చెప్పేది.

ఇంతలో కొత్త నాటకం మొదటి ప్రదర్శన వచ్చింది. రాజు వేషం కళ్ళజోళ్ళ కొట్టాయనది. గొంతు కంచుగంట, జ్ఞాపకం సున్నా. చెవిలో ఏది పడితే అది నోట్లోంచి వచ్చేస్తుంది, మధ్యలో మెదడు దాకా వెళ్ళే పనే లేదు.

యుద్ధం సీను. భయపడి వెనకాడుతున్న సైన్యానికి రాజు ధైర్యం నూరిపోయాలి. సరిగ్గా అప్పుడే పొగ యంత్రం తిప్పారు. యుద్ధభూమికి వెళ్ళాల్సిన పొగంతా తెర చాటుకి వచ్చింది. మాస్టారికి ఊపిరాడలేదు. నోరు తెరిచాడు గానీ మాట పెగల్లేదు. రాజు మెడ సాచి తెరవైపు చెవి పెట్టాడు.

భార్య చేతిలో కుట్టు వదిలేసి పరిగెత్తుకొచ్చింది. "కంగారుపడకండి! భుజాలు దించండి!"

"భుజాలు దించండి!" అని గర్జించాడు రాజు.

సైనికులు మొహమొహాలు చూసుకున్నారు. రాజాజ్ఞ కదా, దించారు.

"నోరు మూసుకుని ముక్కుతో పీల్చండి!" అంది ఆవిడ. అదీ గర్జనై సైన్యం మీద పడింది. సేనాపతి రొమ్ము విరుచుకుని పీల్చాడు.

"పెదాలు సున్నాలా చుట్టి ఊదండి. టీ చల్లార్చినట్టు."

టీ దగ్గర రాజు ఒక్క క్షణం తటపటాయించాడు. ఆ కాలంలో టీ ఉందో లేదో ఆయనకి తెలియదు. కానీ అందిన మాట వదిలే అలవాటు ఆయనకి లేదు. "టీ చల్లార్చినట్టు!"

సైన్యమంతా ఒక్కసారిగా "హూ..." అని ఊదింది. మంత్రిగారి గడ్డం సగం ఊడి చెవికి వేలాడింది. జనం మొదట పకపకా నవ్వారు. తర్వాత ముందు వరసలో ఒక పెద్దావిడ మూతి సున్నా చుట్టింది. చూస్తూండగానే హాలు హాలంతా ఊదసాగింది.

తెర చాటున ఆవిడకి కొత్త అనుమానమొచ్చింది. "జేబులో సిగరెట్టుందా? నిజం చెప్పండి!"

"జేబులో సిగరెట్టుందా? నిజం చెప్పుడు!" అన్నాడు రాజు, కాస్త రాచరికం కలిపి.

వెనక వరసలో ఒక సైనికుడు వణుకుతూ ముందుకొచ్చి, కవచం కిందనుంచి పెట్టె తీసి ప్రభువు పాదాల దగ్గర పెట్టాడు.

అది చూసి మాస్టారికి నవ్వాగలేదు. నవ్వాడు, దగ్గాడు, మళ్ళీ ఊదాడు. పొగ పలచబడింది, ఊపిరి కుదుటపడింది. అసలు మాట అందించాడు. యుద్ధం జరిగింది. ఆ సైన్యం అంత హుషారుగా ఎన్నడూ పోరాడలేదు.

నాటకం ముగిశాక దర్శకుడు నిప్పులు కక్కుతూ వచ్చాడు. వీరరసమంతా గాలికి పోయిందన్నాడు. ఆవిడ కత్తెర పట్టుకుని లేచి నిలబడింది. దర్శకుడు గొంతు తగ్గించి, ఇకనుంచి పొగ యంత్రం వద్దనీ, మాస్టారి స్టూలు గాలొచ్చే తలుపు దగ్గర వేయిస్తాననీ ఒప్పుకున్నాడు. రెండో ప్రదర్శనలో "ఊదే సీనేదీ?" అని జనం గోల చేస్తే, ఆ సీను నాటకంలో ఖాయమైపోయింది.

తర్వాత చూసినప్పుడు డాక్టరమ్మ అంది: "లోపల దెబ్బతిన్నది తిరిగి రాదు. కానీ ఉన్న ఊపిరిని బాగా వాడుకుంటున్నారు."

బయటికొచ్చాక భార్య గొప్పగా అడిగింది. "మనిషి మొత్తంలో ఇంకేం మిగిలిందండీ బాగుచెయ్యడానికి?"

"చెవులు," అన్నాడాయన. "వాటికి కాస్త విశ్రాంతి ఇవ్వు."

ఆవిడ మూతి ముడుచుకుని విసవిసా ముందుకు నడిచింది. బతిమాలుకుందామని ఆయన వెంటపడ్డాడు. వీధి మలుపు దగ్గర అందుకున్నాడు. దారిలో ఊపిరి కోసం ఆయన ఎక్కడా ఆగలేదన్న సంగతి అప్పుడు గానీ ఇద్దరికీ తట్టలేదు.