కంబదూరు నుంచి సున్న

వరుసగా మూడు రోజులు లెక్క పంపకపోతే పట్టికలోంచి పేరు కొట్టేస్తాం. ఈ నిబంధన పెట్టింది నేనే. రాప్తాడు బడిలో ఇరవై ఏళ్ళు లెక్కలు చెప్పి చెప్పి నా బుద్ధి అట్లా తయారైంది. పిల్లలైనా పెద్దలైనా వానైనా వేళకు హాజరు పలకాలంటాను. మా సీమలో వాన ఎటూ పలకదు. కనీసం మనుషులైనా పలకాలి కదా!

రెండువేల రెండులో యాహూలో ‘మన వాన’ అని ఒక గుంపు పెట్టాను. ఏ ఊరి వాన ఆ ఊరివాళ్ళే పొద్దున ఎనిమిదిన్నరకు కొలిచి పంపాలి. మా వైపు ఎద్దుకు ఒక కొమ్ము తడిస్తే ఇంకో కొమ్ము తడవని వానలు. పక్క ఊరి లెక్క మన ఊరికి పనికిరాదు. బెంగళూరు నుంచి వాన కొలిచే ముప్పై ప్లాస్టిక్ గొట్టాలు తెప్పించి, అడిగినవాళ్ళకల్లా ఇచ్చాను. కొలిచేవాళ్ళం ముప్పై మందిమే గానీ, ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసుకుంటూ మా ఊర్లో పడిందా లేదా అని రోజూ చూసుకునేవాళ్ళు రెండు వందలకు తక్కువ లేరు. వాళ్ళలో సగం మంది చూసేది వాన కోసం కాదనీ, కంబదూరు ఎర్రిస్వామి కోసమనీ నాకు తొందరగానే అర్థమైంది.

ఎర్రిస్వామికి ఐదెకరాల చెనక్కాయ చేను, ఒక మిద్దె, ఆంజినమ్మ అనే భార్య. కంప్యూటరు ఎట్లుంటుందో తెలియదు. పొద్దున్నే మిద్దెక్కి గొట్టం చూసి, అంగడి ముందున్న రూపాయి ఫోన్ నుంచి కళ్యాణదుర్గానికి ఫోన్ చేస్తాడు. అక్కడ నెట్ సెంటర్ నడిపే అరుణజ్యోతి అతను చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పంపుతుంది. ఏడాదిలో మూడు వందల రోజులు అతను చెప్పేది సున్నే. కానీ వట్టి సున్న ఏనాడూ చెప్పలేదు.

“సున్న. మబ్బుండాది, నమ్మొద్దు.”

“సున్న. గొట్టంలో సాలీడు గూడు కట్టింది. దానికన్నా ఆసరా అయ్యింది, పోనీలే.”

“సున్న. మా ఆంజినమ్మ అంటాది, సున్న చెప్పేకి ఫోనెందుకప్పా, ఊరికే ఉంటే సున్నే కదా అని.”

ఒకసారి అతను చుట్టాల ఊరికి జాతరకు పోయి మూడు రోజులు పలకలేదు. పేరు కొట్టేశాను. మరుసటి రోజు రెండు బస్సులు మారి రాప్తాడు వచ్చి, ఏడో తరగతి గది బయట తువ్వాలు చేతిలో పట్టుకొని నిలబడ్డాడు.

“పేరు కొట్టేసినారంట కదా టీచరమ్మా.”

రేషను కార్డులో పేరు పోయినంత దిగులు అతని ముఖంలో. ఆ కార్డులోంచి ఒకసారి పేరు పోతే మళ్ళీ ఎక్కించుకోవడానికి ఎన్ని చెప్పులు అరగాలో మా వైపు అందరికీ తెలుసు. ఇదీ అలాంటిదే అనుకున్నాడు పాపం. నేను నవ్వి ఊరుకోవలసింది. పేరు మళ్ళీ ఎక్కిస్తానంటూనే పిల్లల ముందు బెట్టు చేసి, ఇంకోసారి ఇట్లా చేస్తే శాశ్వతంగా తీసేస్తానని గదమాయించి పంపాను. అతను పచ్చి చెనక్కాయల సంచి ఒకటి గుమ్మం దగ్గర పెట్టి పోయాడు. ఆ కాయలు ఉడకబెట్టుకొని తిన్నాను కూడా.

మరుసటి ఏడు ఆషాఢంలో కంబదూరు సున్నలు ఉన్నట్టుండి వట్టిపోయాయి. పొద్దున్నే “సున్న” అని వస్తుంది, అంతే. మబ్బు లేదు, సాలీడు లేదు. వారం చూసి, “ఏం ఎర్రిస్వామన్నా, మాటలకు కూడా కరువొచ్చిందా?” అని రాశాను. ముదిగుబ్బలో గొర్రెలు మేపుకునే దివాకర్, “మా పొట్టేలు నీకంటే మేలు, అరుస్తాది గదన్నా” అని అంటించాడు. మరునాడు కూడా సున్నే వచ్చింది. అలిగాడేమో అనుకుని ఇంకా ఆటపట్టించాం. అట్లా నలభై రోజులు.

శ్రావణం చివర ఒక శుక్రవారం రాత్రి జిల్లా అంతా వాన పట్టింది. తెల్లారి లెక్కలు చూసుకుంటూ పండగ చేసుకున్నాను. ముదిగుబ్బ ముప్పై ఒకటి. రాప్తాడు పన్నెండు. కంబదూరు దగ్గర మాత్రం అంకె లేదు. “జానెడు పదును” అని ఉంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెంటనే అరుణజ్యోతికి ఫోన్ చేశాను.

“ఇదేం కొలతమ్మా? ఏడాదిన్నర నుంచి నేర్పిస్తున్నాను. మిల్లీమీటర్లెన్నో ఎర్రిస్వామిని అడిగి పంపు.”

 ఆ పిల్ల గొంతు తగ్గించి చెప్పింది.

“మేడమ్, ఆయప్ప పోయి నలభై దినాలైంది. ఆంజినమ్మక్క చెప్తాంది రోజూ. ఎవరితోనూ అనొద్దని నాతో ఒట్టు పెట్టించుకునింది.”

చనిపోయిన మనిషిని నలభై రోజులు పొట్టేలుతో పోల్చి నవ్వుకున్నాం. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పొద్దు వంట చేయలేదు, కూర్చుని ఏడ్చాను.

ఆదివారం పొద్దున కంబదూరు బస్సెక్కాను. రాప్తాడు టీచరునని చెప్పగానే ఆంజినమ్మ భయపడింది, దొరికిపోయినట్టు. చాప వేసి, చెంబుతో నీళ్ళిచ్చి, నేను అడక్కముందే మొదలుపెట్టింది.

“రెండు దినాలు జొరమొచ్చి లేవలేదమ్మా. మూడో దినం తెల్లారేకి, ఈ పొద్దు చెప్పకుంటే పేరు పోతాది, నువ్వన్నా పోయి చెప్పి రాపో అన్యాడు. నేను పోయి సున్న అని చెప్పొచ్చేతలికి ఆయప్ప లేడు.”

 నా నిబంధన ఆ చివరి గడియలో ఆమెను అతని దగ్గర లేకుండా చేసింది. ఆమె మాత్రం అలా అనుకున్నట్టు లేదు.

“చెప్పేకి పోయిందిలే అని నిమ్మళంగా పోయింటాడు. దినాలయ్యేదాకా నేను గడప దాటకూడదు కదా, మా మరిది ఆదెప్ప చేత చెప్పించినా. ఆ తర్వాత నేనే. పేరు పోకూడదని ఆయప్పకు అంత ఆశ. నేను పోగొడితే ఎట్లమ్మా?”

మిద్దె మీదికి తీసుకుపోయింది. గొట్టం మీద స్టీలు పళ్ళెం బోర్లించి, దాని మీద రాయి పెట్టి ఉంది.

“నీళ్లు లేకుంటే సున్న, అది నాకు తెలుస్తాది. నీళ్ళుంటే ఎంతని చెప్పేది? అంకెలు నాకు రావు. సేనికి పోయి మట్టిలో చెయ్యి పెట్టి చూసినా. జానెడు దిగిండాది. అదే చెప్పినా. అంకెలొచ్చినోళ్ళు ఎవరన్నా వస్తే చూస్తారని ఈ నీళ్ళు మూసిపెట్టినా.”

మోకాళ్ళ మీద కూర్చుని, గీత కంటికి సమంగా వచ్చేట్టు చూశాను.

“ఎంతమ్మా?”

“నలభై ఆరు.”

“నలభై ఆరంటే ఎంత?”

ఇన్నేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, ఆలోచించి, ఆమె చేయి చూసి, “జానెడు” అన్నాను.

“మల్ల నేను చెప్పింది అదే కదా!” అని పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. నలభై రోజుల తర్వాత నవ్వానని తనే అంది. నేనూ నవ్వాను.

ఇద్దరం చేనికి పోయాం. చేని మూలన ఎర్రిస్వామిని పెట్టిన చోట మట్టి ఇంకా తేమగానే ఉంది. గొట్టంలో నీళ్ళు అక్కడ వంచి, “ఇదో, వచ్చింది” అంది. చెనక్కాయకు అదను దాటిపోయింది గానీ ఉలవలకు ఇది చాలునట. రేపే చల్లుతామంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు తేటగా ఉంది.

గట్టు మీద నడుస్తూ అడిగింది. “ఇప్పుడన్నా పేరు కొట్టేస్తావా?”

“మూడు దినాలు పలకకపోతే కదక్కా కొట్టేది. ఆ పొద్దు నుంచి నువ్వు ఒక్క దినం కూడా తప్పలేదు కదా. పాడు రూలు, దాన్నే తీసేస్తాను.”

ఆంజినమ్మ టక్కున నిలబడింది. “తీసెయ్యొద్దమ్మా. ఆ రూలు లేకుంటే నేను పొద్దున్నే లేసి మిద్దెక్కేది యాడుండాది?”

రూలు అట్లాగే ఉంచాను.

ఆ సాయంత్రం గుంపుకు విషయం రాశాను. రాత్రికల్లా నూట నలభై జాబులొచ్చాయి. ఓదార్పు మాటలు తక్కువ. ఎవరికి గుర్తున్న సున్నను వాళ్ళు పంపారు. బెంగళూరులో ఒకాయన సాలీడు సున్నను కాగితం మీద రాసి ఆఫీసు గోడకు అంటించుకున్నాడట. దివాకర్ ఒక్క మాటే రాశాడు. “తప్పైంది అన్నా.”

సోమవారం ఎనిమిది ముప్పై అయిదుకు జాబు వచ్చింది.

“కంబదూరు. సున్న. ఉలవలు చల్లినాము. మబ్బుండాది, నమ్మొద్దు అంటాడు ఆయప్ప. నేను నమ్ముతా.”

శనివారం గడిలో జానెడు అని రాశాను, సోమవారానికి సున్న వేశాను. ఎర్రిస్వామి పేరు పక్కన, బడి అలవాటు కొద్దీ, హాజరు అని కూడా వేసుకున్నాను.