టీ పెట్టిన పిల్ల

వైద్య కళాశాలలో సీటు కోరి వచ్చిన పిల్లలను ఒక డాక్టరూ, జీతం లేకుండా వచ్చి కూర్చునే ఊరి మనిషీ కలిసి ప్రశ్నిస్తారు. ఆ ఏడు డాక్టర్ పెల్హామ్ పక్కన కూర్చున్నది బ్రెండా. ముప్పై ఏళ్ళు ఉత్తర ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో బస్సు నడిపిన మనిషి. పెల్హామ్ లండన్ నుంచి కొత్తగా వచ్చాడు.

రోగుల దగ్గర ఏం నేర్చుకున్నావన్నది ప్రశ్న. ఒక అబ్బాయి, సర్జనైన మేనమామ పక్కన రెండు వారాలు నిలబడి ఆపరేషన్లు చూశానన్నాడు. పెల్హామ్ పదికి తొమ్మిది వేశాడు.

తరువాత హాలిఫాక్స్ పిల్ల కైరా వచ్చింది. డాక్టరన్నవాడు ఆ ఇంటి చుట్టాల్లో లేడు.

"రెండేళ్ళుగా వృద్ధాశ్రమంలో పని చేస్తున్నా సార్. స్కూలయ్యాక వెళ్ళి వాళ్ళకి టీ పెడతా."

"అంతేనా?"

"ఆల్బర్ట్ తాతకైతే అరగంట పడుతుంది సార్. తొందరపెడితే..."

టైమైపోయిందని బెల్లు మోగింది. కైరా మాట మింగేసి వెళ్ళిపోయింది.

పెల్హామ్ మూడు వేశాడు. నాలుగు దాటకపోతే సీటు లేనట్టే. "మంచి పిల్లే పాపం. కప్పులందిస్తే వైద్యం వస్తుందా?"

బ్రెండాకు నవ్వూ, కోపమూ కలిసి వచ్చాయి. "డాక్టరు గారూ, సాయంత్రం మీరేం తింటారు?"

"డిన్నర్. ఎందుకూ?"

"మా వైపు ఇళ్ళల్లో దాన్నే టీ అంటాం. టీ అయింది రండ్రా అని మా అమ్మ కేకేస్తే, పళ్ళెంలో బంగాళాదుంపలూ మాంసమూ ఉన్నట్టు. ఆ పిల్ల పెట్టింది కప్పు కాదు స్వామీ, కూడు! పిలిచి అడగండి."

పెల్హామ్ ముఖం ఎర్రబడింది. పై అధికారిని అడిగి, కైరాను వెనక్కి పిలిపించాడు.

"తొందరపెడితే ఏమవుతుందమ్మా?"

"పక్షవాతం సార్ ఆయనకి, సరిగ్గా మింగలేడు. తిండి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నిటారుగా కూర్చోబెట్టి, నోరు ఖాళీ అయిందో లేదో చూసి ఇంకో చెంచా పెడతా. గొంతు గరగరలాడితే ఆపేసి నర్సక్కని పిలుస్తా. 'నన్ను పసిపిల్లాణ్ణి చేశావే' అని తిడతాడు. తిట్టనిస్తా. ఆయన బాధ ఆయనది."

పెల్హామ్ మూడు కొట్టేసి తొమ్మిది వేశాడు. కైరా వెళ్ళాక, అంతకుముందు వచ్చినవాళ్ళ మార్కుల కాగితాలు తిరగేశాడు.

"ఇలా ఎంతమందిని పంపేశానో!" అన్నాడు చివరికి.

"అది నాకూ తెలీదు నాయనా," అంది బ్రెండా. "తలుపులు తెరిచాం, అందరూ రండి అంటే సరిపోదు. వచ్చినవాళ్ళ మాట తెలిసినవాళ్ళు ఒక్కరైనా లోపల ఉండాలి."