నిలవని చుక్క

నాలుగో వరుసలో ఏడో కుట్టుమిషను పక్క మూత విప్పి, మెకానిక్కు లోపలి స్క్రూ బిగిస్తున్నాడు. పొద్దున్నుంచి అది మూడోసారి. బిగించి, చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పి, గుడ్డముక్క పెట్టి కుట్టి చూశాడు. పదహారు కుట్లు పడ్డాయి. పదిహేడోది మళ్ళీ తప్పింది.

"బాబాయ్, ఇది నీ మీద అలిగింది," అంది ఆ మిషను మీద పనిచేసే అమ్మాయి.

"అలిగితే బుజ్జగిద్దాం. నువ్వెళ్ళి మంచినీళ్ళు తాగి రా."

ఆమె వెళ్ళాక కుడిచెయ్యి చాపి చూసుకున్నాడు. వణకడం లేదు. కానీ రెండు నెలలుగా స్క్రూడ్రైవరు మొదటిసారికే గాడిలో కూర్చోవడం లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ కార్ఖానాలో మిషన్లన్నిటికీ ఆయనే వైద్యుడు. ఆయన బిగించింది వదులైందన్న మాట ఈ మధ్యే పుట్టింది.

సూపర్‌వైజరు ఆయన కూతురి ఈడువాడు. పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"పెద్దాయనా, రేపు కూడా ఇది ఇలాగే ఉంటే మీరు స్టోరు చూసుకోండి. జీతం తగ్గదు. కుర్చీ ఉంటుంది, ఫ్యాను ఉంటుంది."

"నాకు కూర్చునే జబ్బు లేదు బాబూ."

సూపర్‌వైజరు నవ్వాడు. మెకానిక్కు నవ్వలేదు. మిగతా పూటంతా మిగతా మిషన్లు చూశాడు. ఏడోదాని మీద గుడ్డ కప్పి ఇంటికి వచ్చాడు.

ఇంట్లో ఇంకో వదులు ఆయన కోసం కాచుకుని ఉంది. అల్లుడు ఒక టెలిస్కోపు కొన్నాడు. మూడు రాత్రులు చూసి, స్టాండు జారిపోతోందని విసుక్కుని, కూతురి చేత మామగారికి పంపాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అల్లుడి వరస అని ఆయన పైకి అన్నాడు గాని, వారంరోజులుగా దానికే అంటుకుపోయాడు. మూడు కాళ్ళూ విప్పి, వాషర్లు మార్చి, గొట్టాన్ని పట్టి ఉంచే పెద్ద స్క్రూకు కొత్త మర కోసి పెట్టాడు.

చీకటి పడ్డాక కూతురు పెరట్లో గొట్టాన్ని దక్షిణం వైపు తిప్పింది. ఆసుపత్రిలో ఆమెకు రాత్రి డ్యూటీ. ఇంకో పావుగంటలో బయలుదేరాలి.

"చూడు నాన్నా. అది చుక్క కాదు, గురుగ్రహం."

ఆయన కన్ను ఆనించాడు. మిరియపు గింజంత బిళ్ళ. దాని మీద అడ్డంగా రెండు చారలు. పక్కన వరుసగా నాలుగు నలకలు. ఆయన కన్ను తీసి, గాజును బనీను అంచుతో తుడిచి, మళ్ళీ చూశాడు.

"నలకలు పోవడం లేదమ్మా."

"అవి దాని చందమామలు."

"నాలుగా! ఒక్కడితోనే మనకు నెలంతా సరిపోతోంది."

కూతురు పకపకా నవ్వింది. ఆయన మళ్ళీ కన్ను పెట్టేసరికి బిళ్ళ అంచుకు చేరింది. చూస్తుండగానే గొట్టం దాటి వెళ్ళిపోయింది.

"జారింది," అన్నాడు.

"అదంతే నాన్నా, ఊరికే పోతుంటుంది. మళ్ళీ సర్దుకోవడమే." సంచి భుజాన వేసుకుని ఆమె వెళ్ళిపోయింది.

ఆయన స్క్రూ ఇంకొంచెం బిగించాడు. బిళ్ళను నడిమికి తెచ్చాడు. అది పోయింది. రెండు చేతులతో బిగించాడు. పోయింది. స్టోరులో కుర్చీ కళ్ళముందు మెదిలింది.

మూడోసారి నడిమికి తెచ్చి గడియారం చూసుకున్నాడు. నడిమి నుంచి అంచుకు అరవై రెండు సెకన్లు. నాలుగోసారి అరవై రెండు. అయిదోసారీ అంతే. ఆయన అక్కడే ఉన్న కుర్చీలో కూర్చుండిపోయాడు.

వదులైన స్క్రూకు ఇంత క్రమశిక్షణ ఉండదు. ఒకసారి జారుతుంది, ఒకసారి పట్టుకుంటుంది. పైగా గొట్టం జారితే బరువుకు కిందికి వాలాలి. ఇది పక్కకు, ప్రతిసారీ ఒకే పక్కకు, ఒకే నడకతో పోతోంది.

దూరంగా ఫోను టవరు మీద ఎర్రదీపం కనిపించింది. గొట్టాన్ని దాని మీదికి తిప్పి, బిగించి, పది నిమిషాలు ఊరుకున్నాడు. కన్ను పెట్టాడు. దీపం పెట్టినచోటే ఉంది. ఒక వెంట్రుకవాసి కదలలేదు.

"ఏమేవ్!" అని కేకేశాడు.

భార్య తడిచేతులు చెంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "ఏమిటండీ ఆ అరుపు? ఇన్నాళ్ళూ గ్రహాలు మనల్ని చూసేవి. ఇప్పుడు మీ వంతా?"

"స్టాండు గట్టిగానే ఉందే. మనమే తిరుగుతున్నాం."

"భూమి తిరుగుతుందని బళ్ళో చెప్పలేదా మీకు?"

"చెప్పారు. పరీక్షలో రాశాను కూడా. రెండు మార్కులు వేశారు." ఆగి అన్నాడు. "నమ్మలేదు."

ఆమెను కూర్చోబెట్టి చూపించాడు. బిళ్ళ నడిచిపోతుంటే ఆమె నోటి మీద చెయ్యి వేసుకుని, "అయ్యో, పోతోంది, పోతోంది, పట్టుకోండి," అంది. ఆయన పట్టుకోలేదు. ఆయన పెదవులు అంకెలు లెక్కపెడుతున్నాయి. పదహారు, పదిహేడు. మళ్ళీ పదహారు, పదిహేడు.

"అదీ స్క్రూ కాదు," అన్నాడు.

"ఏది?"

"ఏడో మిషను. తప్పితే ఎప్పుడూ పదిహేడోదే తప్పుతోంది. వదులైతే అలా లెక్కగా తప్పదు. లోపల తిరిగే పళ్ళచక్రంలో ఎక్కడో పన్ను అరిగింది. నేను బిగించింది బిగించినట్టే ఉంది. రేపు వెళ్ళగానే విప్పి చూపిస్తాను వాడికి."

"చూపిద్దురుగాని. అన్నం చల్లారిపోతోంది."

తిన్నాక మళ్ళీ పెరట్లోకి వెళ్ళాడు. గురుగ్రహం పడమటికి వాలుతుంటే దాని వెంట కుర్చీ జరుపుకుంటూ పోయాడు. ఒకసారి భార్య కిటికీలోంచి పిలిచింది. "నాలుగో నలక బిళ్ళ దగ్గరికి జరిగిందే, నువ్వు పడుకో," అన్నాడు.

తెల్లవారుజామున ఆమె లేచి వచ్చేసరికి ఆయన కుర్చీలోనే తల గోడకు ఆనించి ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో వెల్లకిలా ఉంది. ముట్టుకుంటే చల్లగా తగిలింది. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు.

మధ్యాహ్నం కార్ఖానావాళ్ళు వచ్చారు. సూపర్‌వైజరు చేతులు కట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఆమె తల ఎత్తి అతన్ని గుర్తుపట్టింది.

"స్క్రూ కాదట బాబూ. లోపల పన్ను అరిగిందట. ఇవాళ వచ్చి చూపిస్తానన్నారు."

"చూస్తామమ్మా," అన్నాడు అతను.

మూడో రోజు అల్లుడు టెలిస్కోపును లోపల పెడదామని పెరట్లోకి వెళ్ళాడు. పెద్ద స్క్రూ తిరగలేదు. రుమాలు చుట్టి తిప్పాడు, పట్టకారుతో తిప్పాడు, ఊపిరి బిగబట్టి తిప్పాడు. చివరికి దాని మీద ఒక దుప్పటి కప్పి లోపలికి వచ్చాడు. దుప్పటి కింద గొట్టం పడమటి గోడ అంచు మీదుగా, గురుగ్రహం ఆఖరున కనిపించిన చోటికి, గురిపెట్టి ఉంది.