ఆయిల్ కూలరూ, ఎర్ర చీటీలూ

లాండ్రీ యజమానిని పనివాళ్ళు ఎదురుగా అయ్యగారనీ, చాటున చల్లనయ్య అనీ పిలిచేవారు. ఎవరు ఏది అడగడానికి వెళ్ళినా ఆయన దగ్గర దొరికేది ఒకటే దీవెన: "చల్లగా ఉండండర్రా!" తడి నేల మీద జారకుండా బూట్లిమ్మన్నా అదే. ఇస్త్రీ హాల్లో వేడిగాలి బయటికి లాగే ఫ్యాను పెట్టించమని పద్నాలుగు మంది ఆడవాళ్ళు కట్టగట్టుకుని వెళ్ళినా అదే.

ఆ దీవెన తగిలిన మూడో రోజున లాండ్రీ మెకానిక్‌కి అక్క, ఇస్త్రీ హాల్లో పనిచేసే ఆవిడ, హోటలు దుప్పటి మీద ఇస్త్రీ పెట్టె ఉంచింది ఉంచినట్టే ఉండగా, కళ్ళు తిరిగి నేల మీదికి జారిపోయింది. దుప్పటి కాలింది. చల్లనయ్య దుప్పటి కోసం చాలా బాధపడ్డాడు. ఇంకోసారి పడితే ఇంటికి పంపించేస్తామని మేనేజరు చేత చెప్పించాడు.

మెకానిక్ ఆ లాండ్రీలో పదహారేళ్ళుగా యంత్రాలు చూస్తున్నాడు. అక్క చేతి ముద్ద తిని పెరిగినవాడు. ఆ రోజు నుంచి ఇస్త్రీ హాలు వైపు ఏ చప్పుడైనా చేతిలో పని వదిలి చెవి అటు వేసేవాడు. రేకుల కప్పు, మూడు కిటికీలు, పద్నాలుగు పెట్టెలు, ఆవిరి. అక్క ఇంకోసారి పడకుండా ఉంటుందన్న ఆశ ఎవరికీ లేదు, ఎప్పుడన్నదే తెలియదు.

ఇలా ఉండగా చల్లనయ్యకు వేడి గురించి బెంగ పట్టుకుంది. మనుషుల వేడి గురించి కాదు లెండి. జీపు వేడి గురించి.

ఆ జీపు తాతల నాటిది. రాళ్ళనీ వాగులనీ లెక్కచేయకుండా కొండలెక్కడానికి పుట్టిన బండి. ఈయన చేతిలో పడ్డాక అది ఎక్కిన ఎత్తల్లా షెడ్డు గుమ్మం. పాత బండ్ల క్లబ్బులో ఎవరో తన బండికి ఆయిల్ కూలర్ బిగించాడట. ఆ రాత్రి నుంచి ఈయనకు నిద్ర లేదు. పెట్టెడు సామాను తెప్పించి మెకానిక్‌ను పిలిపించాడు.

"ఇంజన్లో ఆయిల్ మరిగిపోతోందిరా. ముసలి ప్రాణం, పాపం. ఈ ఎండకి తాళలేకపోతోంది."

"ఎంత దూరం తిప్పారండీ?"

"గేటు దాకా వెళ్ళొచ్చాం."

"గేటు దాకా వెళ్తే ఆయిల్ గోరువెచ్చన కూడా కాదండి. దీనికి కూలర్ ఎందుకు?"

"నీకు తెలీదు. దానికి నోరు లేదు, చెప్పుకోలేదు. మనమే కనిపెట్టి చూసుకోవాలి."

నోరున్న పద్నాలుగు మంది వచ్చి చెప్పుకున్నారు కదా అన్న మాట మెకానిక్ నాలిక చివరి దాకా వచ్చింది. మింగి, మెత్తగానే అడిగాడు.

"మరి హాల్లో ఫ్యానండీ..."

"ముందు జీపు కానియ్. ఆదివారం క్లబ్బు వాళ్ళ ప్రదర్శన. అదయ్యాక చూద్దాం. చల్లగా ఉండు."

జీపు షెడ్డులో గోడకు బండిచక్రమంత ఫ్యాను ఒకటి గిర్రున తిరుగుతూ ఉండేది. జీపు రంగు వెలిసిపోకుండా పెట్టించింది. దాని కింద నాలుగు రోజులు పని చేశాడు మెకానిక్. ఆయిల్ ఫిల్టరు విప్పి, దానికీ ఇంజనుకీ మధ్య రెండు మూతుల బిళ్ళ బిగించాడు. ఆ మూతుల నుంచి రెండు గొట్టాలు ముందుకు లాగి, రేడియేటరు ముందర కూలర్ నిలబెట్టాడు. వేడి ఆయిల్ ఒక గొట్టంలో వెళ్ళి, గాలికి చల్లబడి, రెండోదాంట్లో తిరిగి రావాలి. గొట్టం దేనికీ రాసుకోకుండా ప్రతి జానకూ ఒక పట్టీ వేశాడు. ఆయిల్ వేడెక్కేదాకా కూలర్‌లోకి పోనివ్వని వాల్వు ఒకటుంటుంది. దాన్ని చూసి చల్లనయ్య ముఖం చిట్లించాడు.

"దీనికి కాపలా ఎందుకురా? తీసెయ్. ఎప్పుడూ చల్లగానే ఉండనీ."

"మరీ చల్లబడితే ఆయిల్ చిక్కబడి ఇంజను అరుగుతుందండి."

"చెప్పింది చెయ్యి."

ఆయన అటు వెళ్ళగానే మెకానిక్ వాల్వు పెట్టే బిగించాడు. యజమాని తెలివితక్కువతనానికి బండి ఏం పాపం చేసింది?

ఆ లాండ్రీలో ఒక రూలుండేది. నిరుడు బాయిలరు పగిలి, బీమావాళ్ళు వచ్చి చీవాట్లు పెట్టి వెళ్ళాక చల్లనయ్యే రాయించి, సంతకం చేసి, ప్రతి గోడకూ తగిలించాడు. వేడెక్కిన యంత్రమును వెంటనే ఆపి ఎర్ర చీటీ కట్టవలెను. చల్లబడువరకు ఎవరును ముట్టరాదు. చీటీ కట్టుటకు, తీయుటకు అధికారము మెకానిక్‌కే కలదు. ఒకసారి బట్టలు పిండే యంత్రానికి చీటీ కడితే చల్లనయ్య అంతటివాడు పూటంతా చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

ఆ లాండ్రీలో ఇంకో వింత కూడా ఉండేది. హాజరుకు వేరే పుస్తకమెందుకు దండగ అని, ఇస్త్రీవాళ్ళ హాజరు యంత్రాల రిజిస్టర్లోనే వేయించేవాడు చల్లనయ్య. పేర్లుండవు, నంబర్లే. అక్క ఏడో నంబరు.

శనివారం మధ్యాహ్నం కూలర్‌కి చివరి బోల్టు బిగిస్తుండగా హాల్లోంచి కేక వినబడింది. మెకానిక్ స్పానర్‌తో సహా పరిగెత్తాడు. అక్క బల్ల అంచు పట్టుకుని వేలాడుతోంది. ముఖం కాలిన ఇటుకలా ఉంది.

"ఏం లేదురా, కళ్ళు తిరిగాయి అంతే. వదులు నన్ను. మేనేజరు చూస్తే కొంప మునుగుతుంది."

"చూడనీ అక్కా." జేబులోంచి ఎర్ర చీటీ తీసి ఆమె మెడలో కట్టాడు. గట్టిగా అన్నాడు: "ఏడో నంబరు వేడెక్కింది. ఆపేశాను."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"తమ్ముడూ, నాకూ కట్టు. పొద్దున్నుంచి పొగలొస్తున్నాయి."

"నాకు ముందు!"

"ఎనిమిదో నంబరుకి రెండు కట్టయ్యా. అది పుట్టినప్పట్నుంచీ వేడే, నోరు చూడు!"

"నీ నోటికి మూడు కట్టినా చాలవే!" అంది ఎనిమిది.

పద్నాలుగు మెడల్లో పద్నాలుగు చీటీలు. ఆవిరి ఆగింది. బయట హోటలు వ్యాను దుప్పట్ల కోసం హారన్ కొడుతోంది. ఏడో బల్ల మీద చల్లనయ్య రేపు వేసుకోవలసిన తెల్ల కోటు, ఒక చెయ్యి ఇస్త్రీ అయి, ఒక చెయ్యి ముడతలతో పడుంది.

చల్లనయ్య వచ్చాడు, వెనకాల మేనేజరు.

"ఏంట్రా ఈ వేషాలు?"

"రూలండి. మీ సంతకమే."

"అది యంత్రాలకి! వీళ్ళు యంత్రాలా?"

మెకానిక్ రిజిస్టరు తెచ్చి ముందు పెట్టాడు. "ఇందులో అలాగే ఉన్నారండి. ఒకటి నుంచి పద్నాలుగు."

చల్లనయ్య అక్క మెడలో చీటీ మీదికి చెయ్యి చాచాడు. మేనేజరు చటుక్కున ఆపాడు.

"వద్దండయ్యగారూ. రూలు కాపీ బీమావాళ్ళ దగ్గరుంది. ఈ మధ్య చెప్పకుండా వస్తున్నారు. చీటీ మీరు తీశారని తెలిస్తే బాయిలరు బీమా గల్లంతే."

హారన్ మళ్ళీ మోగింది. చల్లనయ్య చెమట తుడుచుకున్నాడు. హాల్లోకి వచ్చి అయిదు నిమిషాలైంది.

"మరి ఎప్పుడు చల్లబడతారు వీళ్ళు?"

"ఫ్యాను ఉంటేనండి. జీపు షెడ్డులో ఒకటుంది కదా."

"అది జీపుది!"

"జీపుకి ఇప్పుడు కూలర్ వచ్చిందండి," అన్నాడు మెకానిక్ అతి వినయంగా. "ఇంక దానికి ఫ్యానెందుకు?"

తన కూలర్ పనికిమాలినదని చల్లనయ్య తన నోటితో ఎలా అనగలడు? కోటు వైపు చూశాడు. సరే కానిమ్మని చెయ్యి ఊపాడు.

గంటన్నరలో ఫ్యాను హాలు గోడలోకి ఎక్కింది. మళ్ళీ ఎవడూ పీకకుండా మెకానిక్ బోల్టు తలలు అరగదీసి వెల్డింగు పెట్టాడు. ఒక్కొక్కరి చెమట ఆరాకే ఒక్కో చీటీ విప్పాడు. అక్కది ఆఖర్న విప్పాడు.

ఆదివారం చల్లనయ్య తెల్ల కోటులో బానెట్ ఎత్తి అందరికీ కూలర్ చూపించాడు. ఆయిల్ వేడి చూపే ముల్లు చల్లదనం దాటి కదలలేదు. కప్పు కూడా ఇచ్చారట.

సోమవారం మెకానిక్ దగ్గర చీటీల కట్ట లాక్కుని, అతన్ని తడి బట్టల తొట్ల దగ్గరకు మార్చారు. హాల్లో రూలు బోర్డు కింద కొత్త వరుస రాయించి, దాని పక్కన చల్లనయ్య మళ్ళీ సంతకం పెట్టాడు: *ఇందు యంత్రము అనగా మనుషులు కారు.*

మధ్యాహ్నం మెకానిక్ తడి దుప్పట్ల మోపు మోసుకుని హాల్లోకి వచ్చాడు. అక్క బోర్డు ముందు నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉంది. వెనక పదముగ్గురూ చేరారు.

"నా వల్ల నీకు తొట్ల చాకిరీ పట్టింది కదరా," అంది.

"పోనిద్దూ. అక్కడ చల్లగానే ఉంది."

అక్క నవ్వింది. కొంగుతో ఆ వరుస మీద దుమ్ము తుడిచింది.

"ఇన్నేళ్ళకి మనం మనుషులమని రాసిచ్చాడే చల్లనయ్య. సంతకంతో సహా." ఎనిమిదో నంబరు వైపు తిరిగింది. "రేపు ఈ బోర్డు ఊడదీసి చంకన పెట్టుకుని వెళ్దాం పదండి. హాజరు పుస్తకంలో పేర్లు రాయమందాం. ఆ తర్వాత బూట్లు."

"చల్లగా ఉండండంటే?" అంది ఎనిమిది.

"ఉన్నామని చెబుదాం. ఫ్యాను చూపించి."