చివరి గోల్ ఎవరిది

తడిసిన బంతి నుదుటికి తగిలితే చప్పుడు పెద్దగా రాదు.

బయటికి రాదు.

లోపల వస్తుంది. పాత మట్టిమిద్దె మీద బండరాయి పడినట్టు — ఒక్క దెబ్బ, ఆ తర్వాత సన్నగా రాలే మన్ను. ఆ మన్ను రాలడం ఆగకముందే ఇంకో బంతి వస్తుంది.

ఓబళప్ప పదహారేళ్ళు ఆ మన్ను రాలడం విన్నాడు.

బెంగళూరు కబ్బన్‌పేట సందులో, మగ్గాల చప్పుడులో పుట్టినవాడు. మగ్గం గుంటలో ఇమడని పొడుగు. ఆ పొడుగు చూసి నాన్న నిట్టూర్చాడు. అదే పొడుగు చూసి ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ టీమువాళ్ళు మురిసిపోయారు. గోల్ ముందు గోడలా నిలబడాలి. గాల్లో వచ్చిన ప్రతి బంతినీ తలతో వెనక్కి కొట్టాలి. స్టాపర్ అంటారు ఆ మనిషిని. ఉద్యోగం రాసిచ్చారు. మిషను దగ్గర ఒక్కరోజూ నిలబెట్టలేదు. నీ తల చాలప్పా మాకు, అన్నారు.

తల ఇచ్చాడు.

పొద్దున వంద. సాయంత్రం వంద. కొయ్యకు తాడుతో వేలాడే బంతి, ఎగిరి కొట్టే ఓబళప్ప. వానాకాలంలో బంతి నీళ్ళు తాగి బరువెక్కేది. అప్పుడూ వందే. రెండుసార్లు మ్యాచ్ మధ్యలో కళ్ళు తిరిగి పడ్డాడు. ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టారు. లేచాడు. లేచి నిలబడ్డవాడు ఆడగలడు... ఆ రోజుల్లో అంతకుమించి పరీక్ష లేదు.

గ్యాలరీలో జనం ఊగిపోయేవాళ్ళు — "బండ! బండ! బండ!" తలకు అదే పేరు. మనిషికీ అదే పేరు.

బండ కాదు. మిద్దె.

ఆ సంగతి ఆయనకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది.

మోకాళ్ళు అరిగాయి. ఫ్యాక్టరీ టీము మూతపడింది. ఆ తర్వాత బ్రూక్‌ఫీల్డ్ దగ్గర ఒక కంపెనీ నడిపే క్లబ్బుకు మేనేజరయ్యాడు. పదకొండేళ్ళు. ఎవరిని ఆడించాలి, ఎవరిని కూర్చోబెట్టాలి, ఏ నిమిషానికి ఎవరిని మార్చాలి... ఇక్కడా తలే కావాలి.

రెండేళ్ళుగా ఆ తలలో గట్లు తెగుతున్నాయి.

ఒక మడిలో నీళ్ళు పక్క మడిలోకి పారినట్టు, ముప్పై ఏళ్ళ కిందటి మ్యాచ్ వచ్చి నిన్నటి మ్యాచ్‌లో కలుస్తోంది. పాతవి నిలుస్తున్నాయి. కొత్తవి ఇంకిపోతున్నాయి. ఒకరోజు మారతహళ్ళి బస్టాపులో నిలబడి, ఇంటికి పోయే బస్సు నంబరు గుర్తురాక, వచ్చే బస్సునూ పోయే బస్సునూ గంటన్నర చూశాడు. భార్య సత్యభామ వెతుక్కుంటూ వచ్చింది. చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించింది.

ఆమెకు తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు.

ఆటగాళ్ళ పేర్లు జారిపోతే — "రా అప్పా", "పో అప్పా", "బాగా ఆడినావప్పా". పేరు అక్కర్లేని పిలుపు. బెంగళూరులో సగం బతుకు ఆ ఒక్క మాటతో నెట్టుకురావచ్చు.

స్కోరు జారిపోతే పక్కన కూర్చునే కౌశల్‌ను అడిగేవాడు. కౌశల్ ఆయన కింద పనిచేసే కోచ్. "ఎట్ల ఉండాదప్పా మన పరిస్థితి?" అని అడిగితే చాలు. పెద్దాయన ఏదో లోతుగా ఆలోచిస్తున్నాడనుకుని కౌశల్ అన్నీ అప్పజెప్పేవాడు — స్కోరు, మిగిలిన నిమిషాలు, ఎవరు అలిసిపోయారో కూడా.

ఈరోజు ఆ పక్క చోటు ఖాళీగా ఉంది.

పోయిన మ్యాచ్‌లో రిఫరీ మీదికి పోయి కౌశల్ ఎర్రకార్డు తెచ్చుకున్నాడు. ఈ మ్యాచ్‌కు టీము పక్కన కూర్చోనివ్వరు. గ్యాలరీలో, జనంలో ఎక్కడో కూర్చున్నాడు. ఈరోజే ఓడకూడదు. ఓడితే టీము కింది డివిజన్‌కు దిగిపోతుంది. కింది డివిజన్ టీమును మేం నడపం, అని కంపెనీ ముందే చెప్పేసింది.

పొద్దున దోసె వేస్తూ సత్యభామ అంది.

"ఈ ఒక్కటీ అయిపోతే మానుకోవయ్యా. డాక్టరు దగ్గరికి పోదాం."

"మానుకుంటే నేనెవురే?"

దోసె మాడింది. ఆమె తీసి పక్కన పెట్టింది. ఇంకోటి వేసింది.

మధ్యాహ్నం నుంచే వాన. సన్నటి వాన, తొందర లేని వాన. మైదానం గోధుమరంగుకు తిరిగింది. స్టేడియం పైన రెండు గద్దలు తడుస్తూనే తిరుగుతున్నాయి.

మొదటి సగంలో దీపక్ గోల్ కొట్టాడు. ఓబళప్ప లేచి చప్పట్లు కొట్టాడు. విరామంలో టీ తాగాడు. రెండో సగంలో అవతలివాళ్ళు ఒకటి తిరిగి కొట్టారు. సమానం. అదీ చూశాడు. తొడ చరుచుకున్నాడు. గ్యాలరీలోంచి ఒక ముసలాయన గొంతు చించుకున్నాడు — "ఏమయ్యా బండా, నిద్రపోతా ఉండావా? కాఫీ పంపించేదా?"

జనం నవ్వారు. ఓబళప్పా నవ్వాడు.

అన్నీ చూశాడు. చూసినవి చూసినట్టే... వాన నీళ్ళలా నేలలోకి దిగిపోతున్నాయి.

స్కోరు బోర్డు ఆయన కూర్చున్న రేకుల పంచకు సరిగ్గా నెత్తిన ఉంది. ఊరందరికీ కనబడుతుంది. కింద కూర్చున్నవాళ్ళకు తప్ప.

అప్పుడు అవతలివాళ్ళకు కార్నర్ దొరికింది. బంతి వానను చీల్చుకుంటూ గోల్ ముందుకు వచ్చింది. చైతు ఎగిరాడు.

చైతు ఇప్పటి స్టాపర్. అనంతపురంవాడు, ఇరవై మూడేళ్ళు. ఓబళప్పే ఏరి తెచ్చుకున్నాడు. ఎగరడం నేర్పింది ఆయనే. దెబ్బకు కళ్ళు మూయకూడదని నేర్పిందీ ఆయనే.

చైతు కళ్ళు మూయలేదు. ఎదుటివాడి తల వచ్చి నుదుటికి తగిలింది.

చప్పుడు పెద్దగా రాలేదు.

ఓబళప్ప తన నుదురు పట్టుకున్నాడు.

చైతు పడ్డాడు. లేచాడు. లేచి నవ్వాడు. ఎవరికీ కాని నవ్వు, ఏ వైపుకూ చూడని నవ్వు. టీము ఫిజియో సమీనా సంచీ భుజాన వేసుకుని పరుగెత్తింది. నడిపించుకుంటూ మైదానం గీత దాటించి ఇవతలికి తెచ్చింది — సరిగ్గా ఓబళప్ప ముందుకు.

ఇప్పుడు ఉల్లిగడ్డ లేదు. ఇప్పుడు ప్రశ్నలున్నాయి. తలకు తగిలినవాణ్ణి వరసగా అడగాలి. ఒక్కటి తప్పినా ఆటలోకి పంపకూడదు.

"నన్ను చూడు చైతూ. ఇది ఏ హాఫ్?"

"ఫస్టాఫ్ అక్కా."

పక్కన నిలబడ్డ ఓబళప్ప తలూపాడు.

"లాస్ట్ గోల్ ఎవరు కొట్టారు?"

"దీపక్ కదా. మనమే ముందుండేది."

ఓబళప్ప మళ్ళీ తలూపాడు. "సరిగ్గానే చెప్పినాడు కదమ్మా. పంపించు. పదిమందే ఆడతా ఉండారు లోపల."

చైతు గడ్డం కింద సమీనా చెయ్యి ఆగిపోయింది.

మెల్లగా తిరిగింది. ఆయన వైపు.

"సార్... సెకండ్ హాఫ్ సార్ ఇది. లాస్ట్ గోల్ వాళ్ళది. పది నిమిషాలు కూడా కాలేదు."

రేకుల మీద వాన.

"అవునవును," అన్నాడు. "అదే కదా."

"పోయిన మ్యాచ్ ఎవరితో ఆడాం?"

వరసలో తర్వాతి ప్రశ్న అది. చైతును అడగాల్సిన ప్రశ్న. ఆమె చూపు మాత్రం చైతు మీద లేదు.

ఓబళప్ప వెతికాడు. ముప్పై ఏళ్ళ కిందటి సెమీఫైనల్ వచ్చి నిలబడింది — పదకొండు పేర్లూ వచ్చాయి, ఆరోజు ఎవరికి జ్వరమో వచ్చింది, ఎవరి బూటు ఊడిందో వచ్చింది. పోయిన వారం రాలేదు. పోయిన వారం ఉన్నచోట తడి నేల. దాని మీద ఒక్క అడుగుజాడ లేదు.

చైతు పకపకా నవ్వాడు. "అయ్యో! దెబ్బ తగిలింది నాకైతే మరిచిపోయింది సారా!"

బల్ల మీద కూర్చున్నవాళ్ళలో ఎవరూ నవ్వలేదు.

రిఫరీ విజిల్ వేసి చెయ్యి ఊపాడు. తొందరగా తేల్చమని.

"వాణ్ణి పంపకండి సార్," సమీనా గొంతు తగ్గించింది.

తీసేస్తే రిపోర్టు రాయాలి. ఏం అడిగిందీ, ఎవరు ఏం చెప్పిందీ... తప్పు జవాబుకు సరే అని తలూపింది ఎవరో కూడా. పంపేస్తే ఏమీ లేదు. పంపేస్తే అందరూ అందరిలాగే ఉంటారు. టీముకు స్టాపర్ ఉంటాడు. ఓబళప్ప ఓబళప్పగానే ఉంటాడు — ఈరోజుకి, ఈ నెలకి, ఎంతవరకు సాగితే అంతవరకు.

"ఆడతా సార్," అన్నాడు చైతు. "చూడండి, నిలబడే ఉండా కదా!"

నిలబడే ఉన్నాడు. ముప్పై ఏళ్ళ కింద అయితే అది చాలు.

ఓబళప్ప ఆ నుదుటి మీద అరచెయ్యి ఆనించాడు. బొప్పి లేస్తోంది. అప్పుడే పెట్టిన కోడిగుడ్డులా వెచ్చగా ఉంది.

"కూర్చో అప్పా."

"సార్! నేను లేకుంటే టీము పోతాది సార్!"

"పోనీ."

బదులుగా పోవాల్సినవాడి పేరు రాలేదు. వేలు చూపించాడు. ఆ వేలు చూపినవాడు లేచి పరుగెత్తాడు.

ఇద్దరూ బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. కౌశల్ చోటులో చైతు. సమీనా కాగితం తీసింది. టైము రాసింది. చైతు పేరు రాసింది. అక్కడ పెన్ను ఆగింది.

"రాయమ్మా," అన్నాడు ఓబళప్ప. "నాదీ రాయి."

ఆమె రాయలేదు. కాగితం మీద రెండు చినుకులు పడ్డాయి. మూడోది పడింది. అప్పుడు రాసింది.

గద్దలు ఎటు పోయాయో కనబడలేదు. గోల్ ముందు బురదలో కాళ్ళన్నీ ఒక్కచోట కుప్పపడ్డాయి. ఎవరో తన్నారు. ఎవరికో తగిలి బంతి పక్కకు తిరిగింది. వల ఊగింది. వల నిండా పట్టిన నీళ్ళు ఒక్కసారిగా రాలాయి.

గ్యాలరీ లేచింది. రేకులు అదిరాయి.

చైతు ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. "ఎవురిది సార్? మనదేనా?"

ఓబళప్ప చూశాడు. ఈసారి రెప్ప వేయకుండా చూశాడు. ఎవరు తన్నారో తెలుసు. ఎవరిదో తెలుసు. ఇప్పుడు, ఈ క్షణం, తెలుసు. దోసిట్లో నీళ్ళలా పట్టుకుని ఉన్నాడు — కదలకుండా, ఊపిరి బిగబట్టి.

"చెప్పండి సార్. మనదేనా?"

తొందరగా చెప్పాలి.

నోరు తెరిచాడు. చైతు ఆ నోటి వైపే చూస్తున్నాడు. తడిసిన నేల మీద వాన పడుతోంది... పెద్దగా చప్పుడు లేకుండా పడుతోంది.